గాడిద చెవులు ఎవరికి పెట్టారు? చిత్రకళపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో వాటికన్‌లోని పోపుగారి ప్రార్థనాలయం సిస్టైన్ చాపెల్ గురించి రాస్తూ, పునరుజ్జీవన కాలపు చిత్రకారులు అధికారంలో ఉన్నవారిని బొమ్మల్లో ఎగతాళి చేసిన సందర్భాలు కూడా ఉన్నాయని ఒక్క వాక్యం రాసి ముందుకు సాగిపోయాను. వ్యాసం మొత్తం మీద వచ్చిన ఉత్తరాల కంటే ఆ ఒక్క వాక్యం మీద వచ్చినవే ఎక్కువ. వాటిలో అయిదింటిని ఎంచుకుని ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మైకెలాంజెలో తనకు నచ్చని పోపుగారి అధికారి ఒకరిని గాడిద చెవులతో నరకంలో చిత్రించాడని మా విద్యార్థులకు ఎన్నో ఏళ్లు చెప్పాను. ఇది నిజమేనా, లేక నేను కట్టుకథను పాఠంగా చెప్పానా? నిజమైతే దీన్ని రాజకీయ వ్యంగ్యం అనవచ్చా? (విశ్రాంత డ్రాయింగు మాస్టారు, రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన పాఠంలో తప్పేమీ లేదు. సిస్టైన్ చాపెల్‌లో బలిపీఠం వెనుక గోడనంతా ఆక్రమించిన 'తుది తీర్పు' చిత్రాన్ని మైకెలాంజెలో 1536లో మొదలుపెట్టి 1541లో ముగించాడు. చూసేవారికి కుడివైపు అట్టడుగు మూలన, పాపులు నరకంలోకి దిగే చోట, పాతాళపు న్యాయాధికారి మినోస్ నిలబడి ఉంటాడు. అతనికి గాడిద చెవులున్నాయి. ఒంటికి చుట్టుకున్న పాము కరవకూడని చోట కరుస్తోంది. కవి దాంతే వర్ణించిన మినోస్ తన తోకను ఒంటికి ఎన్ని చుట్లు చుట్టుకుంటే పాపి నరకంలో అన్నో అంతస్తుకు దిగాలి. ఆ తోక స్థానంలోకి పామును తెచ్చింది చిత్రకారుడే.

ఆ ముఖం పోపు కొలువులో వేడుకలూ మర్యాదలూ చూసే అధికారి బియాజో ద చెసేనాది. చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పిన ప్రకారం, పని మూడు వంతులకు పైగా పూర్తయిన దశలో పోపు మూడవ పాల్ చూడటానికి వచ్చి, వెంట ఉన్న బియాజోను అభిప్రాయం అడిగాడు. ఇంత పవిత్రమైన చోట ఇన్ని దిగంబర దేహాలేమిటి, ఇది స్నానశాలలకూ సారాయి కొట్లకూ తగిన బొమ్మ అని ఆయన అన్నాడు. వారు గుమ్మం దాటగానే మైకెలాంజెలో ఆ ముఖాన్ని జ్ఞాపకం నుంచే గోడకెక్కించాడు. బియాజో పోపు దగ్గర ఎంత మొరపెట్టుకున్నా బొమ్మ చెరగలేదు. 'నిన్ను ఉత్తరించు స్థలంలో (పాపాలు కడిగి స్వర్గానికి పంపే చోట) పెట్టి ఉంటే ఏదో చేసేవాణ్ణి, నరకం మీద నాకు అధికారం లేదు' అని పోపు జవాబిచ్చినట్లుగా చెప్పుకునే మాట మాత్రం వసారిది కాదు. అది డొమెనికి అనే మరో రచయిత ద్వారా ప్రచారంలోకి వచ్చిన చమత్కారం.

గాడిద చెవులు మైకెలాంజెలో కొత్తగా కనిపెట్టినవి కావు. రాజుగారి చెవులు గాడిద చెవులని మంగలి గోతిలో గుసగుసగా చెప్పుకున్న కథ మన పిల్లలకూ తెలుసు. గ్రీకు పురాణాల్లో ఆ రాజు మిడాస్. బొత్తిచెల్లి సుమారు 1495లో వేసిన 'అపెలీస్ అపనింద' చిత్రంలో సింహాసనం మీద కూర్చున్న రాజుకు ఇవే చెవులుంటాయి. అజ్ఞానం, అనుమానం అనే ఇద్దరు స్త్రీలు చెరొక చెవినీ పట్టుకుని ఏదో నూరిపోస్తుండగా, అపనింద అనే స్త్రీ ఒక అమాయకుణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొస్తుంటుంది. రాజకీయ వ్యంగ్యానికి మంచి నమూనా కావాలంటే నేను ఈ బొమ్మనే ముందు చూపిస్తాను. కొలువులో చెవులు కొరికేవాళ్ల మాట విని తీర్పు చెప్పే పాలకుణ్ణి ఇంతకంటే సూటిగా చూపడం కష్టం. అయితే అందులో ఏ బతికున్న రాజు ముఖమూ లేదు.

మైకెలాంజెలో చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. ముఖం స్పష్టంగా ఉంది, రాజకీయమే లేదు. బియాజో ఉద్యోగి. అతని యజమాని పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. యజమాని నవ్వే చోట నౌకరు మీద విసిరిన మాటను రాజకీయ వ్యంగ్యం అనడానికి నాకు మనసొప్పదు. అది ఒక కళాకారుడి కోపం, గొప్ప కోపమే కావచ్చు. కథకు రెండో సగం కూడా ఉంది. దేవాలయ చిత్రాల్లో అసభ్యత ఉండరాదని కాథలిక్ మతాధికారుల ట్రెంటు మహాసభ 1563లో తీర్మానించింది. 1564లో మైకెలాంజెలో మరణించాడు. ఆ మరుసటి ఏడాది ఆయన స్నేహితుడు డానియేలె ద వొల్తెర్రా చేతనే ఆ దిగంబర దేహాలకు బట్టలు వేయించారు. పాపం ఆ పెద్దమనిషికి రోములో 'లాగుల చిత్రకారుడు' అనే పేరు స్థిరపడిపోయింది. బియాజోకు చెవులు మిగిలాయి గానీ, ఆయన అభ్యంతరం మాత్రం ఇరవై ఏళ్లు దాటాక నెగ్గింది.

ప్రశ్న: ఆ చిత్రకారులు రాజులూ మతాధికారులూ ధనవంతులూ ఇచ్చిన డబ్బుతో బతికినవారు కదా. అన్నం పెట్టిన చేతిని వారు విమర్శించగలిగారా? లేక వారి బొమ్మల్లో మనమే ఇప్పుడు వ్యంగ్యాన్ని వెతుక్కుంటున్నామా? (న్యాయశాస్త్ర విద్యార్థిని, హైదరాబాదు)

జవాబు: మీ అనుమానం సరైన చోటే పుట్టింది. ఆ కాలపు వ్యంగ్యచిత్రం కనబడితే బొమ్మలో ఎవరున్నారు అన్న ప్రశ్న కంటే ముందు, గోడ ఎవరిది, కూలి ఎవరిచ్చారు అని అడగడం మంచిది. అలా అడిగితే తేలేదేమిటంటే, అప్పటి రాజకీయ ఎగతాళిలో ఎక్కువ భాగం అధికారం మీద వేసింది కాదు, అధికారమే డబ్బిచ్చి వేయించింది.

ఫ్లారెన్సునే తీసుకుందాం. పట్టుబడకుండా పారిపోయిన ద్రోహులనూ, మోసం చేసి దివాలా తీసినవారినీ ఊరందరూ చూసేలా ప్రభుత్వ భవనాల గోడల మీద బొమ్మలు కట్టించే ఆచారం ఇటలీ నగర రాజ్యాల్లో చాలా కాలం సాగింది. వాటిని అవమాన చిత్రాలు అనవచ్చు. మనిషిని ఒక కాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడదీసినట్లు వేసేవారు, కింద పేరు రాసేవారు, ఒక్కోసారి తిట్టుపద్యం కూడా జోడించేవారు. మన ఊళ్లలో దిష్టిబొమ్మను తగలబెట్టడం లాంటిదే అనిపిస్తుంది గానీ, ఒక తేడా ఉంది. మన దగ్గర దిష్టిబొమ్మను సాధారణంగా తగలబెట్టేది ప్రతిపక్షం, అక్కడ గోడ మీద వేలాడదీసేది సర్కారు. 1440లో ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న మెదిచి కుటుంబానికి ఎదురుతిరిగిన అల్‌బిత్సి వర్గం వారిని ఆండ్రియా దెల్ కస్టాన్యో ఇలాగే చిత్రించాడు. ఆ ఒక్క పనితో అతనికి 'ఉరితీయబడినవాళ్ల ఆండ్రియా' అనే పేరు అంటుకుని చచ్చేదాకా వదల్లేదు.

1478 ఏప్రిల్ 26న ఫ్లారెన్సు ప్రధాన దేవాలయంలో పూజ జరుగుతుండగా పాత్సి కుటుంబపు కుట్రదారులు జులియానో మెదిచిని పొడిచి చంపారు. అతని అన్న లొరెంత్సో మెడ మీద గాయంతో తప్పించుకున్నాడు. కుట్రలో భాగస్వామి అయిన పీసా అగ్రపీఠాధిపతి సాల్వియాతిని ప్రభుత్వ భవనం కిటికీ నుంచే ఉరి తీశారు. ఆ వేసవిలో కుట్రదారుల బొమ్మలను అదే భవనాన్ని ఆనుకుని ఉన్న సుంకం కచేరీ ద్వారం పైన చిత్రించినందుకు ఒక చిత్రకారుడికి 40 ఫ్లోరిన్లు ముట్టాయి. ఆ చిత్రకారుడు బొత్తిచెల్లి. గవ్వ మీద నిలిచిన వీనస్‌ను మనకిచ్చిన చేయే ఉరికొయ్యల బొమ్మలూ వేసింది. దొరికి చచ్చినవారిని మెడకు తాడుతోనూ, పారిపోయి దొరకనివాణ్ణి తలకిందులుగానూ వేశాడు. జులియానోను పొడిచినవారిలో ఒకడైన బెర్నార్దో బందీని కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్లినా ఓటమన్ సుల్తాను అతణ్ణి పట్టి తిరిగి అప్పగించడంతో 1479 డిసెంబరు 29న నిజంగానే ఉరికంబం ఎక్కాడు. ఆ శవాన్ని అక్కడే నిలబడి చూసి గీసిన 27 ఏళ్ల యువకుడొకడు, బొమ్మ పక్కనే టోపీ గోధుమ రంగు, లోపలి చొక్కా నల్ల సాటిన్, నీలం కోటుకు నక్క బొచ్చు అస్తరు అని వరుసగా రాసుకున్నాడు. ఆ యువకుడు లియొనార్డో ద వించి. కోపం గానీ జాలి గానీ లేని ఆ బట్టల జాబితా చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు ఆ గోడల గతి చూడండి. తన మతాధికారి బొమ్మ గోడ మీద వేలాడటం పోపు నాలుగవ సిక్స్‌టస్‌కు సహించలేదు. ఆయన ఒత్తిడి మీద సాల్వియాతి బొమ్మను కొద్దికాలానికే తుడిచేశారు. 1494లో మెదిచి కుటుంబాన్నే ఊరి నుంచి వెళ్లగొట్టినప్పుడు మిగిలిన బొమ్మలూ పోయాయి. నిన్నటి ద్రోహులు నేటి వీరులయ్యాక వారిని తలకిందులుగా ఉంచలేరు కదా. 1530 ప్రాంతంలో ముట్టడిలో ఉన్న ఫ్లారెన్సు మళ్లీ ఇలాంటి పనే అప్పగించినప్పుడు, ఆండ్రియా దెల్ సార్తో తనకూ కస్టాన్యోకు వచ్చినట్లు పేరు వస్తుందేమోనని భయపడి, పని తన శిష్యుడిదని చెప్పించి తాను రాత్రిళ్లు వచ్చి వేసి వెళ్లాడట. గోడ మీది బొమ్మలు మిగల్లేదు. తలకిందులుగా వేలాడే మనుషుల అభ్యాస చిత్రాలు కొన్ని మాత్రం ఉఫీజీ మ్యూజియంలో ఉన్నాయి. ఇవన్నీ రాజకీయ చిత్రాలే, ఎగతాళి చిత్రాలే. అయితే ఇందులో ధైర్యమేదీ లేదు. మన మాటలో చెప్పాలంటే చచ్చిన పామును కొట్టడం. (సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. వసారి ఈ 1478 నాటి బొమ్మలను కస్టాన్యో ఖాతాలో వేశాడు. కస్టాన్యో 1457లోనే చనిపోయాడు. వసారి కథలను ఆస్వాదించాలి గానీ ప్రమాణపత్రాలుగా తీసుకోకూడదు.)

బతికున్న పాము మీద కర్ర ఎత్తినవారు లేరా అంటే, ఉన్నారు. అయితే వారి ఆయుధం రంగుల చిత్రం కాదు, అచ్చు బొమ్మ. రంగుల చిత్రం ఒక్కటే ఉంటుంది, ఒక్క గదిలో ఉంటుంది, దాని ఖరీదు భరించగలవాడు సాధారణంగా వెక్కిరింతకు గురయ్యే వర్గంవాడే అయి ఉంటాడు. చెక్కదిమ్మ మీద చెక్కిన బొమ్మ వందల ప్రతులుగా అచ్చయి సంతల్లో అమ్ముడవుతుంది, చదువురానివాడికీ అర్థమవుతుంది. 1521లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో లూకాస్ క్రానాఖ్ 26 చెక్క అచ్చు బొమ్మలతో వెలువరించిన చిన్న పుస్తకం ఇందుకు గొప్ప ఉదాహరణ. ఎడమ పేజీలో క్రీస్తు, కుడి పేజీలో పోపు. ఇటు క్రీస్తు వంగి శిష్యుల పాదాలు కడుగుతుంటే అటు పోపు రాజుల చేత తన పాదం ముద్దు పెట్టించుకుంటాడు. ఇటు ముళ్ల కిరీటం, అటు మూడంతస్తుల బంగారు కిరీటం. ఇటు దేవాలయం నుంచి వ్యాపారులను కొరడాతో తరిమివేయడం, అటు దేవాలయంలోనే కూర్చుని పాపక్షమాపణ పత్రాలు అమ్మడం. చివరి జంటలో క్రీస్తు పరలోకానికి ఎక్కిపోతుంటే పోపు నరకంలోకి దొర్లిపోతాడు. పక్కపక్కన పెట్టి చూపడమే అందులోని తంత్రమంతా. నేటి పత్రికల కార్టూనిస్టులు ఆ తంత్రాన్ని ఇంకా వదల్లేదు.

మరుసటి ఏడాది, పోపు మీద తిరగబడిన మత సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మను భాషలోకి తెచ్చిన కొత్త నిబంధన వెలువడినప్పుడు, ప్రకటన గ్రంథంలోని బబులోను మహావేశ్య తల మీద క్రానాఖ్ పోపుగారి మూడంతస్తుల కిరీటమే పెట్టాడు. అలజడి రేగింది. అదే 1522 డిసెంబరు ముద్రణకు చెక్కదిమ్మను చెక్కివేసి పై అంతస్తులు తీసేశారు. 1534లో సంపూర్ణ బైబిలు వచ్చేసరికి కిరీటం మళ్లీ మూడంతస్తులైంది. అచ్చు బొమ్మకు రాజకీయ వాతావరణం ఎంత వెంటనే తగిలేదో తెలుసుకోవడానికి ఆ ఒక్క కిరీటం ఎత్తు కొలిస్తే చాలు.

ఇంతకీ క్రానాఖ్ ప్రాణాలకు తెగించిన విప్లవకారుడేమీ కాదు. ఆయన సాక్సనీ ప్రభువు ఫ్రెడరిక్ ఆస్థాన చిత్రకారుడు, ఊళ్లో మందుల దుకాణం యజమాని, తరువాతి కాలంలో నగర మేయరు. లూథర్‌కు అండగా నిలిచింది ఆ ఫ్రెడరిక్ ప్రభువే కాబట్టి, పోపును వెక్కిరించడానికి ఆనాడు విట్టెన్‌బర్గ్ కంటే క్షేమమైన ఊరు మరొకటి లేదు. అంతకంటే విశేషం, లూథర్ ఎవరి పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద మొదట మండిపడ్డాడో ఆ కార్డినల్ అల్‌బ్రెక్ట్ కూడా క్రానాఖ్ ఖాతాదారే. 1525లో, 1526లో ఆ కార్డినల్‌ను సాక్షాత్తు పునీత జెరోమ్‌గా, పాదాల దగ్గర సింహంతో సహా, ఎంతో భక్తిగా చిత్రించి ఇచ్చాడు. ఏ ఎండకా గొడుగు పట్టడం ఆయనకు బాగా తెలుసు.

రంగుల చిత్రంలో బతికున్న పోపును నేరుగా కొట్టిన సందర్భం ఒకటి ఇంగ్లండులో ఉంది. రోముతో తెగతెంపులు చేసుకున్న ఎనిమిదవ హెన్రీ దగ్గర జిరోలామో ద త్రెవీజో అనే ఇటలీ చిత్రకారుడు కొలువు చేశాడు. అతను వేసిన చిత్రంలో నలుగురు సువార్తికులు నేల మీద పడిన పోపును బండరాళ్లెత్తి కొడుతుంటారు. పోపు పక్కన పడి ఉన్న ఇద్దరు స్త్రీల పేర్లు దురాశ, కపటం. సువార్తల రచయితలనే రాళ్లు రువ్వే మూకగా చూపడం విపరీతమైన ఊహ. ఇక్కడా గోడ ఎవరిదని అడగండి. గోడ హెన్రీది. పోపు సముద్రాలకు ఆవల ఉన్నాడు.

ప్రశ్న: లండను దగ్గర విండ్సర్ కోటలో బ్రూగెల్ వేసిన 'పసిపిల్లల వధ' చూశాను. అందులో పసిపిల్లలే కనిపించలేదు. సైనికులు బాతులను, మూటలను పొడుస్తున్నారు. ఇది కూడా వ్యంగ్యమేనా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: మీ కళ్లు మిమ్మల్ని మోసగించలేదు. మీరు చూసింది ఒక చిత్రాన్ని కాదు, ఒక చిత్రాన్నీ దాని మీద వేసిన ముసుగునూ. పుట్టిన క్రీస్తును చంపించాలని హేరోదు రాజు బేత్లెహేములోని మగశిశువులనందరినీ వధించమని ఆజ్ఞాపించాడన్న సువార్త కథను, నెదర్లాండ్సు చిత్రకారుడు బ్రూగెల్ 1565, 1567 మధ్య కాలంలో మంచు కప్పిన ఒక ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) పల్లెలోకి తెచ్చాడు. 1564, 65 నడుమ ఆ ప్రాంతంలో వచ్చిన భయంకరమైన చలికాలం అతని కళ్ల ముందే ఉంది. సైనికులు రోమన్ దుస్తుల్లో లేరు. నెదర్లాండ్సును ఏలుతున్న స్పెయిన్ రాజు సేనలూ, వారి జర్మను కిరాయి సైనికులూ వేసుకునే దుస్తుల్లోనే ఉన్నారు. ఈటెలు నిటారుగా పట్టుకున్న గుర్రపు దళం ఊరి నడుమ గోడలా నిలబడి ఉంటే, దాని ముందు తలుపులు విరుగుతున్నాయి, తండ్రులు మోకరిల్లి బతిమాలుతున్నారు.

తరువాత ఈ చిత్రం పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ చేతికి చేరింది. ఆయనా స్పెయిన్‌ను ఏలుతున్న హాబ్స్‌బర్గ్ వంశంవాడే, స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్‌కు మేనల్లుడు, బాల్యంలో కొన్నేళ్లు ఆ రాజు కొలువులోనే పెరిగినవాడు. చిత్రాన్ని పారవేయడానికి మనసు రాలేదు, ఉన్నదున్నట్లు గోడకు తగిలించడానికీ మనసు రాలేదు. దాంతో పిల్లల మీద రంగు వేయించి పక్షులుగా, పశువులుగా, మూటలుగా మార్పించారు. వధ కాస్తా గ్రామ దోపిడి అయింది. బ్రూగెల్ కొడుకూ ఇతరులూ తీసిన నకళ్లు ఉండబట్టి అసలు రూపం మనకు తెలుస్తోంది. ఆ నకళ్లలో గుర్రం మీది రాజదూత అంగీ మీద హాబ్స్‌బర్గ్ వారి రెండు తలల గద్ద కనిపిస్తుంది. విండ్సర్ చిత్రంలో అదీ చెరిగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు, ఈ చిత్రం ఎవరి గురించో మొదట ఒప్పుకున్నది రంగు పూయించినవారే. బ్రూగెల్ స్వయంగా ఎక్కడా ఒక్క మాట రాసిపెట్టలేదు.

నల్ల దుస్తుల్లో ఉన్న పొడవు గడ్డం సేనాపతి ఆల్బా ప్రభువేనని చాలా చోట్ల రాస్తారు. నెదర్లాండ్సును అణచడానికి ఫిలిప్ పంపిన ఆల్బా 1567 ఆగస్టులో బ్రస్సెల్సులో అడుగుపెట్టాడు. ప్రజలు 'రక్త న్యాయస్థానం' అని పిలుచుకున్న విచారణ మండలిని పెట్టి వందలమందిని చంపించాడు. 1568 జూన్ 5న ఎగ్మాంట్, హోర్న్ అనే ఇద్దరు పెద్ద ప్రభువుల తలలను నగరం నడిబొడ్డున నరికించాడు. ఈ చిత్రం మాత్రం ఆయన రాకకు ముందే మొదలై ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ గడ్డాన్ని ఆల్బాకు అంటించడానికి నేను తొందరపడను. అది అవసరం కూడా లేదు. 1566లో వేసిన 'బేత్లెహేములో జనాభా లెక్క' చిత్రం చూడండి. గర్భిణి అయిన మరియ గాడిదనెక్కి వచ్చి ఆగిన సత్రం గోడ మీద అదే రెండు తలల గద్ద పలక ఉంటుంది, కిటికీ దగ్గర గుమాస్తాలు పన్ను వసూలు చేస్తుంటారు. అగస్టస్ చక్రవర్తి కాలపు కథలో పన్ను చీటీ మాత్రం బ్రూగెల్ నాటిది. గోడకు చెవులుండే రోజుల్లో బైబిలు కథ మంచి దుప్పటి. ఎవరైనా నిలదీస్తే, 'నేను హేరోదును వేశాను, మీకు ఎవరు కనిపించారు?' అని ఎదురు ప్రశ్న వేయవచ్చు.

అతని వ్యంగ్యం నేరుగా పలికేది ఇక్కడా అచ్చు బొమ్మల్లోనే. 1556లో గీసి 1557లో అచ్చయిన 'పెద్ద చేపలు చిన్న చేపలను తింటాయి' అన్న బొమ్మలో, ఒడ్డున పడిన కొండంత చేప పొట్టను ఒక సైనికుడు పొడవైన కత్తితో చీలుస్తుంటే లోపలి నుంచి చేపలూ, వాటి నోళ్లలోంచి మరిన్ని చేపలూ జారిపడుతుంటాయి. మన పూర్వులు మత్స్యన్యాయం అన్న ఒక్క మాటలో చెప్పిన అరాజకమే అది. ఆ కత్తి మీద భూగోళం గుర్తు ఉంటుంది. పడవలో ఒక తండ్రి కొడుకుకు ఇదంతా వేలెత్తి చూపిస్తుంటాడు. ప్రచురణకర్త హీరొనిమస్ కాక్ దాని మీద బ్రూగెల్ పేరు వేయలేదు. 1516లోనే చనిపోయిన ప్రసిద్ధ చిత్రకారుడు బాష్ పేరు వేశాడు. బాష్ పేరుకు బజారులో గిరాకీ ఎక్కువన్నది ప్రధాన కారణమే అయినా, చచ్చినవాడి మీద ఎవరూ కేసు పెట్టలేరన్నది కూడా కాక్‌కు తెలియని విషయం కాదని నా అనుమానం.

బ్రూగెల్ 1569లో మరణించాడు. తన బొమ్మల్లో కొన్నిటి కింద రాసిన మాటలు మరీ ఘాటుగా ఉన్నాయని, పశ్చాత్తాపం వల్లనో భార్యకు ముప్పు రాకూడదనో, చివరి రోజుల్లో వాటిని ఆమె చేతనే తగలబెట్టించాడని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన ఫాన్ మాండర్ 1604లో రాశాడు. 35 ఏళ్ల తరువాత రాసిన మాట కాబట్టి దాన్నే పట్టుకుని బ్రూగెల్‌ను తిరుగుబాటుదారుగా నిలబెట్టడం సబబు కాదు. పైగా ఫిలిప్ రాజుకు కుడిభుజమై, నెదర్లాండ్సు ప్రజలు అందరికంటే ఎక్కువగా ద్వేషించిన కార్డినల్ గ్రాన్‌వెల్ దగ్గర కూడా బ్రూగెల్ చిత్రాలు ఉన్నాయి. ఆయన వాటిని ఇష్టపడే కొన్నాడు.

ప్రశ్న: కూరగాయలతో ముఖాలు చేసే ఆర్చింబోల్దో బొమ్మల్లో రాజకీయం ఏమైనా ఉందా? (ఇంటర్ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: కూరగాయల్లో కాదు, కోడిలో ఉంది. 1566లో వేసిన 'న్యాయవాది' చిత్రంలో ముఖమంతా ఈకలు పీకిన కోళ్లు, నోరూ గడ్డమూ చేప, కోటు లోపల దేహానికి బదులు దస్తావేజుల కట్టలూ లావుపాటి పుస్తకాలూ. ఇది చక్రవర్తి రెండవ మాక్సిమిలియన్ కొలువులోని జాసియస్ అనే న్యాయ పండితుడని చాలామంది గుర్తిస్తారు. వ్యాధితో పాడైన ముఖమున్న ఒక న్యాయ పండితుణ్ణి అలా చిత్రించమన్నది చక్రవర్తేనని, చూసి కొలువంతా పడీపడీ నవ్విందని ఆ చిత్రకారుణ్ణి ఎరిగిన కొమానీని 1591లో రాశాడు. రోగిష్టి ముఖాన్ని చూసి నవ్విన ఆ నవ్వు నాకు రుచించదు. కానీ మనిషిని తీసేస్తే లోపల మిగిలేది కాగితాలే అన్న ఊహ మాత్రం బాగుంది. అదే ఏడాది, 1591లో, పండ్లతో కూరలతో రుడాల్ఫ్ చక్రవర్తి ముఖం కట్టిన చిత్రం మాత్రం వెక్కిరింతలా కనిపించే పొగడ్త. అన్ని రుతువుల పంటా ఆయనలోనే ఉందని దాని భావం. మన అలంకారశాస్త్రం దీనికి వ్యాజస్తుతి అని ఎప్పుడో పేరు పెట్టింది.

ప్రశ్న: వచ్చే వేసవిలో పిల్లలతో ఐరోపా వెళుతున్నాం. ఇలాంటి చిత్రాలు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: ముందుగా సియెనా. అక్కడి నగర సభా భవనంలో అంబ్రోజో లొరెంజెత్తి 1338, 1339లలో వేసిన మంచి పాలన, చెడ్డ పాలన కుడ్యచిత్రాలు ఉన్నాయి. పునరుజ్జీవన కాలానికి ఇవి కాస్త ముందువే అయినా ఆ తరువాతి వ్యంగ్యానికంతా పెద్దన్నలు. కొమ్ములు, కోరలు, మెల్లకన్ను ఉన్న నిరంకుశుడు సింహాసనం మీద కూర్చుంటే, న్యాయదేవత కట్లతో అతని కాళ్ల దగ్గర పడి ఉంటుంది. పిల్లలకు వివరించనవసరం లేదు. ఫ్లారెన్సులో బొత్తిచెల్లి 'అపనింద' ఉఫీజీలో ఉంది. బెల్జియంలోని బ్రూజ్ నగరంలో, లంచం తిన్న న్యాయాధికారి చర్మం ఒలుస్తున్న గెరార్డ్ డావిడ్ చిత్రం 1498 నాటిది. ఊరి పెద్దలు తమ సభామందిరంలో తామే పెట్టించుకున్న హెచ్చరిక అది. చిన్నపిల్లలుంటే ఆ గది దాటవేయండి. మాడ్రిడ్ ప్రాదో మ్యూజియంలో బాష్ వేసిన 'గడ్డిబండి' తప్పక చూడండి. గడ్డి కోసం జనం ఒకరి గొంతు ఒకరు కోసుకుంటుంటే, పోపూ చక్రవర్తీ గుర్రాల మీద దర్జాగా ఆ బండి వెనకే వెళుతుంటారు. బండి పోయేది నరకానికి. దాన్ని ఏరికోరి కొనుక్కున్నది రెండవ ఫిలిప్ రాజే.

రోములో సిస్టైన్ చాపెల్ ఎలాగూ వెళతారు. ఫొటోలు తీయనివ్వరు, జనం ఒత్తిడి ఎక్కువ, అందరూ కప్పు వైపే చూస్తుంటారు. మీరు బలిపీఠం వైపు తిరిగి కుడివైపు అట్టడుగు మూలకు చూడండి. చిన్న దుర్భిణి ఉంటే వెంట తీసుకెళ్లండి. బియాజో చెవులు మీరు చూపించండి చాలు. పాము ఎక్కడ కరుస్తోందో పిల్లలే కనిపెడతారు.